ఫినాయిల్‌కీ ఫినామినన్‌కీ చుట్టరికం: "కనిపించింది" అనే మాట కథ

ఈరోజు ఎపిసోడ్‌ని ఒక బాటిల్‌తో మొదలుపెడుతున్నా. నా చేతిలో ఉన్నది చూడండి, ఫినాయిల్. ఇల్లు తుడిచేదే. దీన్ని పక్కన పెట్టేసి ఇంకో మాట చెప్తా, ఫినామినన్. క్రికెట్‌లో ఎవరైనా గాల్లోకి ఎగిరి క్యాచ్ పడితే కామెంటేటర్ "ఫినామినల్" అని అరుస్తాడు కదా, ఆ మాట. ఈ బాటిల్ పేరూ ఆ అరుపూ ఒకే తాత మనవలు. నమ్మరా? పది నిమిషాల్లో నమ్మిస్తా. కానీ అసలు సంగతి అది కాదు. ఈ మాట అర్థం నాకు సరిగ్గా తెలిసి ఉంటే, నాలుగేళ్ల క్రితం ఒక తమ్ముడికి అన్యాయం చేసి ఉండేవాణ్ణి కాదు. అది కూడా చెప్తా.

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఫిజిక్స్ పుస్తకంలో ప్రతి రెండు పేజీలకీ ఒక మాట ఉండేది, దృగ్విషయం. కాంతి పరావర్తన దృగ్విషయం, వక్రీభవన దృగ్విషయం, ఇంద్రధనుస్సు ఒక దృగ్విషయం. మార్కుల కోసం వందసార్లు రాసి ఉంటా. అర్థం ఏంటని ఒక్కసారి కూడా అడగలేదు. తర్వాత ఇంటర్, బీటెక్ ఇంగ్లీష్ మీడియంలో చదివా. అక్కడ దాని బదులు ఫినామినన్ వచ్చింది. అది కూడా వందసార్లు రాశా, అర్థం మళ్లీ అడగలేదు. మీలో చాలామందిది ఇదే పరిస్థితి అని నాకు తెలుసు. పరీక్షలో మార్కులు పడిపోతున్నాయి కదా, ఇంకెందుకు అడుగుతాం?

సరే, ఆఫీసు కథ సగం ఇప్పుడు చెప్తా, మిగతా సగం చివర్లో.

నేను యూట్యూబ్‌లోకి రాకముందు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఒకరోజు పొద్దున్నే వెళ్లేసరికి గొడవగా ఉంది. రాత్రి నుంచి పేమెంట్లు ఫెయిల్ అవుతున్నాయి. కారణం కనిపెట్టమని నాకు చెప్పారు. లాగ్స్ తెరిచా. ఎర్రర్లు 21:40కి మొదలయ్యాయి. ఆ ముందు ఏం జరిగిందా అని ఇంకో టూల్‌లో చూశా. మా టీమ్‌లో కొత్తగా చేరిన ఒక కుర్రాడు, నైట్ షిఫ్ట్‌లో ఉన్నవాడు, 21:35కి కొత్త కోడ్ పెట్టాడు. ఐదు నిమిషాల తేడా. ఇంకేం కావాలి? టీమ్ అందరినీ, పైన మేనేజర్లనీ పెట్టి మెయిల్ కొట్టా, కారణం ఇదీ అని. వాడు నా సీటు దగ్గరికి వచ్చి, "అన్నా, నేను కోడ్ పెట్టింది తెల్లవారుజామున మూడింటికి అన్నా" అన్నాడు. నేను స్క్రీన్ వాడి వైపు తిప్పి, "కనిపిస్తోంది కదరా" అన్నా.

కనిపిస్తోంది కదా. ఈ రెండు ముక్కలు గుర్తుపెట్టుకోండి. ఫినామినన్ అంటే సరిగ్గా ఇదే.

ఇప్పుడు మాట దగ్గరికి వద్దాం. ఇది గ్రీకు మాట. గ్రీకులో ఫైనెయిన్ అని ఒక క్రియ ఉంది. వెలుగులోకి తేవడం, చూపించడం అని అర్థం. దాని నుంచి ఫైనెస్థాయ్, అంటే కనిపించడం. దాని నుంచి ఫైనోమెనోన్, అంటే "కనిపిస్తున్నది". అంతే. గొప్పది అని కాదు, వింత అని కాదు, నిజం అని కూడా కాదు. కనిపిస్తున్నది. ఒకటైతే ఫైనోమెనోన్, ఎక్కువైతే ఫైనోమెనా. అందుకే ఇంగ్లీషులో ఇప్పటికీ ఒకటైతే ఫినామినన్, ఎక్కువైతే ఫినామినా. ఈసారి ఎవరైనా "ఎ ఫినామినా" అంటే మీకు తెలుస్తుంది, గొడవ మాత్రం పెట్టుకోకండి.

ఇంకాస్త లోతుకి వెళ్దాం. గ్రీకు, లాటిన్, సంస్కృతం, ఇవన్నీ ఒకే పెద్ద భాషాకుటుంబం అని మీరు వినే ఉంటారు. మన తెలుగు ద్రావిడ కుటుంబం, కానీ సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న మాటలు వేలల్లో ఉన్నాయి. ఈ ఫైనెయిన్‌కి మూలమైన ధాతువు అర్థం "వెలుగు, ప్రకాశించు". అదే ధాతువు సంస్కృతంలో "భా" అయ్యింది. భా నుంచి ఏం వచ్చాయి? ప్రభ. భానుడు. ప్రభాతం. మీ ఇంట్లో పొద్దున్నే వినిపించే సుప్రభాతం. మీ క్లాసులో ఉన్న ప్రభాకర్, భాను. వీళ్లందరూ ఫినామినన్‌కి దూరపు చుట్టాలే. వెలుగు పడితేనే కదా కనిపిస్తుంది, అందుకని వెలుగు అనే అర్థం నుంచి కనిపించడం అనే అర్థం వచ్చింది.

గ్రీకు వైపు చుట్టాలు ఇంకా ఎక్కువ. ఫోటోలో ఉన్నది గ్రీకు "ఫోస్", అంటే వెలుగు, అదే ధాతువు. ఫ్యాంటసీ అంటే మనసుకి కనిపించేది. ఫాంటమ్ అంటే లేకుండానే కనిపించేది, దెయ్యం. చంద్రుడి ఫేజ్‌లు అంటాం చూశారా, ఆ ఫేజ్ అంటే కనిపించే తీరు. ఫోన్ మాత్రం చుట్టం కాదు, అది "పలుకు" అనే వేరే ధాతువు నుంచి వచ్చింది. పక్కింటాయన అనుకోండి.

మరి ఫినాయిల్? 1825లో మైకేల్ ఫారడే, కరెంటు పాఠంలో వచ్చే అదే ఫారడే, దీపాలకి వాడే గ్యాస్ తయారుచేసేటప్పుడు మిగిలిపోయే జిడ్డులోంచి ఒక కొత్త పదార్థం వేరుచేశాడు. ఇప్పుడు దాన్ని బెంజీన్ అంటాం. తర్వాత 1830లలో ఫ్రాన్సుకి చెందిన ఓగస్ట్ లోరాఁ అనే కెమిస్ట్, ఇది దీపాల గ్యాస్‌తో పాటు దొరికింది కదా అని, వెలుగు అనే గ్రీకు మాట పట్టుకుని దానికి "ఫెన్" అని పేరు సూచించాడు. ఆ పేరు బెంజీన్‌కి నిలబడలేదు. కానీ ఫినాల్, ఫినైల్ అనే పేర్లలో ఉండిపోయింది. అక్కడి నుంచి మన బాత్రూమ్ దాకా వచ్చి ఫినాయిల్ అయ్యింది. అంటే ఈ బాటిల్ మీద రాసున్నది ఒకప్పటి వీధి దీపాల వెలుగు. వాసన మాత్రం మారలేదు.

సరే, సరదా అయిపోయింది. ఇప్పుడు ఈ మాట చరిత్రలో ఏం చేసిందో చూద్దాం.

మొదట్లో ఫైనోమెనా అంటే ముఖ్యంగా ఆకాశంలో కనిపించేవి. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో యూడోక్సస్ అనే గ్రీకు గణితవేత్త నక్షత్రాల గురించి ఒక పుస్తకం రాశాడు. దాని పేరే ఫైనోమెనా. తర్వాతి శతాబ్దంలో ఆరాటస్ అనే కవి దాన్ని పద్యాల్లో పెట్టాడు, అదే పేరుతో. ఆ కావ్యం ఎంత హిట్ అంటే, రోమ్‌లో సిసెరో లాంటివాడు దాన్ని లాటిన్‌లోకి అనువదించాడు. హిప్పార్కస్ అని మహా ఖగోళవేత్త, క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం వాడు, ఈ ఇద్దరి పుస్తకాల్లో తప్పులు ఎంచుతూ ఒక వ్యాఖ్య రాశాడు. అయన రాసినవాటిలో ఇప్పటికి పూర్తిగా మిగిలింది అదొక్కటే. అంటే కనిపించేవాటి గురించి ఎవరో రాస్తే, ఇంకొకాయన ఆకాశం వైపు చూసి, "నువ్వు రాసినట్టు కనిపించట్లేదయ్యా" అన్నాడు. ఇది ఇరవై రెండు వందల ఏళ్ల కిందటి కోడ్ రివ్యూ.

కానీ ఆకాశంలో ఒక పెద్ద చిక్కు ఉంది. నక్షత్రాలు బుద్ధిగా ఒక పద్ధతిలో తిరుగుతాయి. గ్రహాలు అలా కాదు. కుజుణ్ణి తీసుకోండి. రోజూ రాత్రి గమనిస్తూ ఉంటే, నక్షత్రాల మధ్య మెల్లగా తూర్పు వైపు జరుగుతాడు. సుమారు ఇరవై ఆరు నెలలకోసారి మాత్రం ఆగిపోతాడు. ఆగి వెనక్కి నడుస్తాడు. రెండు నెలల పైన వెనక్కి వెళ్లి, మళ్లీ ఆగి, మళ్లీ ముందుకి. మీ తాతయ్యగారు పంచాంగం చూసి "కుజుడు వక్రించాడు" అంటారు చూశారా, అదే ఇది. వక్రగతి. మన దగ్గరా చూశారు, బాబిలోన్‌లో చూశారు, గ్రీసులో చూశారు. అందరికీ ఒకేలా కనిపించింది. ఫైనోమెనోన్‌లో తేడా లేదు.

ఇక్కడే ఒక ప్రశ్న పుట్టింది. క్రీస్తు శకం ఆరో శతాబ్దంలో సింప్లిషియస్ అనే వ్యాఖ్యాత రాసినదాని ప్రకారం, ఈ ప్రశ్న వేసింది ప్లేటో. ఆకాశంలో చలనాలన్నీ ఒకే వేగంతో చక్కగా వలయాల్లో జరుగుతాయి అనుకుందాం, మరి అలాంటి ఏ చలనాలని కలిపితే ఈ కనిపిస్తున్న పిచ్చి నడక వస్తుంది? దీనికి గ్రీకులో ఒక పేరు ఉంది, "ఫైనోమెనాలని కాపాడటం". కాపాడటం అంటే, నీ సిద్ధాంతం ఏదైనా పెట్టుకో, కానీ కంటికి కనిపిస్తున్నదాన్ని అది వదిలేయకూడదు, లెక్క సరిపోవాలి.

యూడోక్సస్ ఈ సవాలు తీసుకున్నాడు. భూమి మధ్యలో, చుట్టూ ఉల్లిపాయ పొరల్లాగా గోళాలు. సూర్యుడికి మూడు, చంద్రుడికి మూడు, ఐదు గ్రహాలకి తలా నాలుగు, నక్షత్రాలన్నిటికీ ఒకటి. లెక్కపెట్టండి, మొత్తం 27. ఒక్కో గోళం ఒక్కో వైపు తిరుగుతుంటే, అన్నీ కలిసి వెనక్కి నడిచే గ్రహాన్ని పుట్టిస్తాయి. బుర్ర చూడండి ఆయనది! కానీ ఒక లోపం. గోళాలన్నిటికీ కేంద్రం భూమే అయితే, కుజుడు మనకి ఎప్పుడూ ఒకే దూరంలో ఉండాలి. మరి ఒక్కోసారి అంత మెరుస్తూ, ఒక్కోసారి అంత మసకగా ఎందుకు కనిపిస్తాడు? దానికి జవాబు లేదు. ఒక కనిపించినదాన్ని కాపాడబోతే ఇంకోటి చెయ్యి జారింది.

క్రీస్తు శకం 150 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో టాలమీ వేరే డిజైన్ ఇచ్చాడు. గ్రహం ఒక చిన్న చక్రం మీద తిరుగుతుంది, ఆ చక్రం పెద్ద చక్రం మీద తిరుగుతుంది. దగ్గరికీ దూరానికీ కూడా లెక్క కుదిరింది. గ్రహం ఫలానా రాత్రి ఎక్కడ ఉంటుందో దాదాపు సరిగ్గా చెప్పగలిగేవాళ్లు. ఈ సిస్టమ్ ప్రొడక్షన్‌లో పద్నాలుగు వందల ఏళ్లు నడిచింది. నేను రాసిన ఏ కోడూ పద్నాలుగు నెలలు నడవలేదు, కాబట్టి టాలమీని తక్కువ చెయ్యకండి.

అయినా భూమి మధ్యలో లేదు కదా. లెక్క సరిపోతూ, కారణం తప్పు. ఇది ఎలా సాధ్యం?

రైల్లో వెళ్తున్నారనుకోండి. మీది ఎక్స్‌ప్రెస్. పక్క ట్రాక్ మీద అదే దిశలో ఒక ప్యాసింజర్ నెమ్మదిగా వెళ్తోంది. మీ రైలు దాన్ని దాటేటప్పుడు కిటికీలోంచి చూస్తే, అది వెనక్కి వెళ్తున్నట్టు కనిపిస్తుంది. అది నిజంగా వెనక్కి వెళ్లట్లేదు. అలాగని మీ కళ్లు అబద్ధం చెప్పట్లేదు. కదిలే రైల్లో కూర్చున్నవాడికి అది అలాగే కనిపించాలి. కుజుడి వక్రగతి ఇదే. లోపలి ట్రాక్‌లో వేగంగా వెళ్తున్న భూమి, బయటి ట్రాక్‌లో నెమ్మదిగా వెళ్తున్న కుజుణ్ణి దాటుతోంది. మనం ఎక్స్‌ప్రెస్‌లో ఉన్నాం. మన రైలు ఆగి ఉందనుకోవడమే తప్పు.

ఈ మాట లెక్కలతో సహా చెప్పింది కోపర్నికస్, 1543లో. అక్కడ ఒక దొంగ పని జరిగింది. పుస్తకం జర్మనీలో న్యూరెంబర్గ్‌లో అచ్చవుతోంది. రచయిత దూరంగా, మంచం మీద ఉన్నాడు. అచ్చు పని చూస్తున్న ఆండ్రియాస్ ఓసియాండర్ అనే మతపండితుడు పుస్తకం మొదట్లో సంతకం లేకుండా ఒక ముందుమాట చేర్చేశాడు. దాని సారాంశం ఏంటంటే, ఈ పుస్తకంలో చెప్పింది నిజం కానక్కర్లేదు, కనిపించేదానికి లెక్క సరిపోతే చాలు. ఎవరో మీ ప్రాజెక్టులో మీకు చెప్పకుండా రీడ్‌మీ ఫైల్ మార్చి, "ఇది సీరియస్‌గా తీసుకోకండి" అని రాస్తే ఎలా ఉంటుంది? చదివినవాళ్లలో చాలామంది ఆ మాటలు కోపర్నికస్‌వే అనుకున్నారు. కోపర్నికస్ స్నేహితుడు గీసె అనే బిషప్ కోపంతో న్యూరెంబర్గ్ నగర పాలకులకి ఉత్తరం రాశాడు, లాభం లేకపోయింది. కోపర్నికస్ అదే ఏడాది చనిపోయాడు. ఆ ముందుమాట రాసింది ఓసియాండర్ అని 1609లో పుస్తకంలో అచ్చువేసి బయటపెట్టింది కెప్లర్.

ఓసియాండర్ ఉద్దేశం పుస్తకాన్ని గొడవల నుంచి కాపాడటమే కావచ్చు. కానీ ఆయన వేసిన గీత చూడండి. కనిపించేది ఒక వైపు, నిజంగా ఉన్నది ఇంకో వైపు, ఖగోళవేత్తకి మొదటిదానితోనే పని. కోపర్నికస్ అలా అనుకోలేదు. భూమి నిజంగానే తిరుగుతోంది అన్నాడు.

కెప్లర్ ఇంకా మొండివాడు. ఆయన చేతిలో టైకో బ్రాహీ టెలిస్కోప్ లేకుండా, ఒట్టి కంటితో, ఏళ్లతరబడి కొలిచిన కుజుడి లెక్కలు ఉన్నాయి. వలయాలతో ఒక మోడల్ తయారుచేశాడు. అది టైకో కొలతకి 8 ఆర్క్‌మినిట్లు తేడా వచ్చింది. ఎంతది? పౌర్ణమి చంద్రుడి వెడల్పు సుమారు 30 ఆర్క్‌మినిట్లు, అంటే దానిలో నాలుగో వంతు. ఎవరైనా ఏమంటారు? కొలిచినవాడి పొరపాటులే, వదిలెయ్ అంటారు. కెప్లర్ అనలేదు. టైకో అంత తప్పు కొలవడు అన్నాడు. రెండు వేల ఏళ్లుగా అందరూ నమ్మిన వలయాన్నే పక్కన పడేశాడు. చివరికి కుజుడి దారి దీర్ఘవృత్తం అని తేల్చాడు. అదీ 1609లోనే.

మరుసటి ఏడాది చివర్లో గెలీలియో టెలిస్కోప్‌లోంచి శుక్రుణ్ణి చూస్తే, చంద్రుడికి లాగే నెలవంక నుంచి దాదాపు పూర్ణబింబం దాకా ఫేజ్‌లు కనిపించాయి. టాలమీ అమరికలో అన్ని ఫేజ్‌లూ రావడం కుదరదు. ఇందాక చెప్పా కదా, ఫేజ్ కూడా మన మాట చుట్టమే. కనిపించే తీరు.

న్యూటన్ దగ్గర ఈ మాట ఇంకో మెట్టు ఎక్కింది. ఆయన ప్రిన్సిపియా మొదటి ముద్రణ 1687. అందులో మూడో భాగం మొదట్లో హైపోథెసిస్‌లు అనే పేరు కింద ఒక జాబితా ఉంది. గురుగ్రహం చంద్రుళ్లు ఇలా తిరుగుతున్నాయి లాంటి చూసి తెలుసుకున్న సంగతులు కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. 1713 రెండో ముద్రణలో న్యూటన్ వాటిని విడదీసి, ఆ చూసిన సంగతులకి "ఫైనోమెనా" అని వేరే శీర్షిక పెట్టాడు. నాకు ఇది చూసినప్పుడు గుండె ఒక్క క్షణం ఆగినంత పనైంది. మహా మేధావి కూడా పాతికేళ్ల తర్వాత కూర్చుని, ఏది చూశాను, ఏది అనుకున్నాను అని రెండు డబ్బాల్లో సర్దుకున్నాడు. నేను ఆ మెయిల్ కొట్టేముందు ఐదు నిమిషాలు కూడా సర్దుకోలేదు.

తర్వాత 1781లో కాంట్ అనే జర్మన్ తత్వవేత్త ఈ గీతని ఇంకా గట్టిగా గీశాడు. మనకి తెలిసేది ఫినామినన్ మాత్రమే, వస్తువు తనంతట తాను ఎలా ఉందో మనకి ఎప్పటికీ తెలియదు అన్నాడు. మన భాషలో చెప్పాలంటే, మనం చూసేదంతా ఫ్రంటెండ్, బ్యాకెండ్‌కి మనిషికి యాక్సెస్ లేదు. ఒప్పుకోవాలా వద్దా అని ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు, మనం అందులోకి వెళ్లొద్దు.

ఇంకోపక్క, బజారులో ఈ మాట అర్థం మారిపోయింది. ఇంగ్లీషులో పద్దెనిమిదో శతాబ్దం నాటికి ఫినామినన్ అంటే "అబ్బో అనిపించేది, వింత" అనే అర్థం కూడా వచ్చింది. డికెన్స్ నవల నికొలస్ నికల్బీలో ఒక నాటకాల కంపెనీ ఉంటుంది. ఓనరు తన కూతుర్ని "ఇన్ఫంట్ ఫినామినన్" అని పోస్టర్లు వేసి ఆడిస్తాడు. పదేళ్ల పిల్ల అంటాడు. కనీసం ఐదేళ్లుగా ఆ పిల్లకి పదేళ్లే! పెరగకుండా ఉండాలని రాత్రుళ్లు నిద్రపోనివ్వకుండా, జిన్ తాగిస్తూ పెంచుతారు. చూడటానికి నవ్వొస్తుంది గానీ, ఆలోచిస్తే కడుపులో తిప్పుతుంది. పోస్టర్ మీద కనిపించింది ఒకటి, వెనక జరిగింది ఇంకోటి. క్యాచ్‌ని ఫినామినల్ అనే అలవాటు ఈ అర్థం నుంచే వచ్చింది.

ఇప్పుడు మన మాట. దృగ్విషయం. విడదీయండి, దృక్ ప్లస్ విషయం. క్ తర్వాత వ వచ్చేసరికి క్ కాస్తా గ్ అయ్యింది. దృక్ అంటే చూపు. దర్శనం, దృష్టి, దృశ్యం అన్నీ ఆ ఇంటివే. విషయం అంటే ఇప్పుడు మనం "విషయం ఏంట్రా" అని వాడేస్తున్నాం గానీ, సంస్కృతంలో ఇంద్రియానికి అందేదాన్ని విషయం అంటారు. చెవికి శబ్దం, ముక్కుకి వాసన, కంటికి రూపం. అంటే దృగ్విషయం అంటే చూపుకి అందినది. గ్రీకువాడు అన్నదే, అక్షరం పొల్లుపోకుండా. సంఘటన అంటే జరిగినది. దృగ్విషయం అంటే కనిపించినది. రెండూ ఒకటి కాదు. ఈ తేడా మన టెక్స్ట్‌బుక్‌లో, మన చేతిలోనే ఉంది. మనమే విప్పి చూడలేదు.

ఎండాకాలం హైవే మీద దూరంగా నీళ్లు కనిపిస్తాయి, ఎండమావి. ఫోన్‌తో ఫోటో తీయండి, ఫోటోలో కూడా పడుతుంది. కాబట్టి అది భ్రమ కాదు, వేడి గాలిలో కాంతి నిజంగా వంగి మీ కంటికి వస్తోంది. ఆకాశం వెలుగు రోడ్డు మీద కనిపిస్తోంది. అది దృగ్విషయం. "అక్కడ నీళ్లున్నాయి" అన్నది మాత్రం మనం చేర్చింది.

దృశ్యం సినిమా చూశారు కదా? చూడకపోతే ఒక్క నిమిషం చెవులు మూసుకోండి. హీరోని, వాళ్ల ఇంట్లోవాళ్లని ఊరి జనం నిజంగానే చూశారు. సాక్షుల్లో ఒక్కడూ అబద్ధం ఆడలేదు. హీరో మార్చింది తేదీ ఒక్కటే. చూసింది నిజం, ఎప్పుడు చూశారన్నది తప్పు.

నా ఆఫీసు కథలో జరిగింది కూడా అదే, కాకపోతే అక్కడ తెలివైన హీరో ఎవరూ లేరు.

మెయిల్ కొట్టిన రెండు రోజులకి తెలిసింది. ఎర్రర్ల లాగ్ మన టైమ్‌లో ఉంది, ఐఎస్‌టీ. కోడ్ పెట్టిన టూల్ మాత్రం యూటీసీలో చూపిస్తోంది. మనకీ దానికీ ఐదున్నర గంటలు. అంటే టూల్‌లో 21:35 అంటే మనకి తెల్లవారుజామున 3:05. వాడు చెప్పిన మూడు గంటలు. ఎర్రర్లు మొదలైంది అంతకుముందు రాత్రి 9:40కి. వాడు కోడ్ ముట్టుకునే ఐదు గంటల ముందే సిస్టమ్ పడిపోయి ఉంది. అసలు కారణం, ఒక సెక్యూరిటీ సర్టిఫికెట్ గడువు ఆ రాత్రి అయిపోయింది. దాన్ని రెన్యూ చేయాల్సిన టికెట్ ఎవరి పేరు మీద ఉందో తెలుసా? నా పేరు మీద.

లాగ్ అబద్ధం చెప్పలేదు. రెండు నంబర్లూ నిజమే. రెండూ ఒకే గడియారం అనుకున్నది నేను. మన రైలు ఆగి ఉందనుకున్నట్టు.

ఈలోపు వాడికి ప్రొడక్షన్ యాక్సెస్ తీసేశారు. నేను క్యాంటీన్‌కి తీసుకెళ్లి, టీ ఇప్పించి, సారీ చెప్పా. "పర్లేదన్నా" అన్నాడు. మేనేజర్‌కి కూడా నోటితో చెప్పా. కానీ ఆ మెయిల్‌కి రిప్లై ఆల్ కొట్టి, "తప్పు నాది, నా టికెట్" అని రాయలేదు. రాద్దాం రాద్దాం అనుకుంటూనే వారం గడిచింది, తర్వాత ఎవరూ అడగలేదు. కొన్ని నెలలకి వాడు వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. తర్వాత నేనూ మానేశా. ఇప్పుడు ఆ మెయిల్‌బాక్స్ నాకు తెరుచుకోదు. ఆ థ్రెడ్ తెరిచి చదివేవాళ్లకి ఇప్పటికీ నేను రాసిందే కనిపిస్తుంది.

ఇది మీకెందుకు చెప్తున్నానంటే, మన చేతిలో ఉన్న ఫోన్ రోజంతా దృగ్విషయాలనే చూపిస్తుంది. పదిహేను సెకన్ల రీల్, ఒక స్క్రీన్‌షాట్, ఒక సీసీటీవీ ముక్క. కింద కామెంట్లలో "కనిపిస్తోంది కదా బ్రో" అని. అందులో ఉన్నది అబద్ధం అని నేను అనట్లేదు, చాలాసార్లు నిజమే ఉంటుంది. ఎవరో ఎవరినో కొడుతున్నట్టు కనిపిస్తుంది, అది నిజం. దాని ముందు నిమిషం ఏమైంది, అది ఎప్పటిది, ఏ ఊరిది, ఇవి వీడియోలో లేవు. అవి మనమే చేరుస్తున్నాం. చేర్చొద్దు అనట్లేదు, చేర్చకుండా మనిషి బతకలేడు. న్యూటన్ లాగా రెండు డబ్బాలు పెట్టుకోండి చాలు. ఇది చూశాను, ఇది అనుకున్నాను. ఫార్వర్డ్ కొట్టే ముందు, ఒక మనిషి పేరు రాసే ముందు, ఏది ఏ డబ్బాలోదో ఒకసారి చూసుకోండి. ఎదుటివాడు వచ్చి "అన్నా, అది మూడింటికి" అంటే, స్క్రీన్ తిప్పి చూపించకండి. వాడి గడియారం ఏదో అడగండి.

సరే ఫ్రెండ్స్, ఈ ఎపిసోడ్ ఇంతే. ఫినాయిల్ బాటిల్ మళ్లీ బాత్రూమ్‌లో పెట్టేయాలి, లేకపోతే అమ్మ ఊరుకోదు. మీకు ఎప్పుడైనా కళ్లారా చూసింది తర్వాత వేరేగా తేలిన అనుభవం ఉంటే రాయండి, పేర్లు మాత్రం వద్దు. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో మాటతో కలుద్దాం. ఉంటా మరి.